బిల్డ్ పోయిందా? ముందు 'ఏ జావా' అని అడగండి

నేను హైదరాబాద్‌లో ఒక ప్రోడక్ట్ కంపెనీలో బిల్డ్, రిలీజ్ పని చూస్తాను, అంటే జావాలో రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కట్టి కస్టమర్లకు పంపడం. మేము అమ్మే సరుకు ఒకటే గానీ అది నడిచే చోట్లు రకరకాలు. కొందరు కస్టమర్లు ఇంకా జావా 8 వదల్లేదు. కొందరు 11 దగ్గర ఆగిపోయారు. కొత్తగా వచ్చేవాళ్లు 17 గానీ 21 గానీ కావాలంటారు. ఒక చోట జావాను నడిపే మామూలు ఇంజిన్ హాట్‌స్పాట్ బదులు ఓపెన్‌జే9 అనే ఇంకో ఇంజిన్ మీద నడుపుతారు. ఒకే కోడ్‌ను ఇన్ని జావాల మీద కట్టి, నడిపి చూడడం నా రోజువారీ పని. మా టీమ్ పిల్లలు చాట్‌లో పెట్టే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే: "అక్కా, నా లాప్‌టాప్‌లో వస్తోంది, సర్వర్‌లో ఫెయిల్. కోడ్ ఏమీ ముట్టుకోలేదు." నేను అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "ఏ జావా?"

"పదిహేడు" అంటారు. అంతమాత్రంతో నాకు ఏమీ తెలియదు. ఒక బిల్డ్‌లో జావా పాత్రలు కనీసం మూడు ఉంటాయి. బిల్డ్ పని చేసిపెట్టే టూల్స్ అయిన మేవెన్‌నో గ్రేడిల్‌నో నడిపే జావా ఒకటి. సోర్సును క్లాస్ ఫైళ్లుగా మార్చే కంపైలర్ రెండోది. టెస్టుల్ని, ఆ తర్వాత అసలు అప్లికేషన్‌ను నడిపే రన్‌టైమ్ మూడోది. మూడూ ఒకే జేడీకే (కంపైలర్, రన్‌టైమ్ కలిసి వచ్చే జావా కిట్) నుంచి వస్తే అదృష్టం. ఎడిటర్ లోపల ఇంకో కంపైలర్ దాక్కుని ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను. కోడ్ మారకుండా బిల్డ్ పడిపోయిందంటే వీటిలో ఏ రెండింటికి పొసగడం లేదో కనుక్కోవడమే సగం పని.

కమాండ్లు, ఎర్రర్లు ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

పడిపోయిన మెషీన్‌నే అడగాలి

బిల్డ్ ఎక్కడ ఫెయిల్ అయిందో ఆ మెషీన్‌లోకే వెళ్లాలి. మీ లాప్‌టాప్‌లో ఏముందో ఇప్పటికి అనవసరం. నేను వరసగా కొట్టేవి: జావా -వెర్షన్, జావాక్ -వెర్షన్, ఎంవిఎన్ -వెర్షన్ (గ్రేడిల్ అయితే గ్రేడిల్‌డబ్ల్యూ --వెర్షన్), చివరగా జావా_హోమ్ (ఏ జావా వాడాలో టూల్స్‌కు చెప్పే సెట్టింగ్) విలువ.

మొదటి రెండింట్లో వేర్వేరు నంబర్లు వస్తే ఆశ్చర్యపోకండి. లినక్స్‌లో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో జావాను మార్చి జావాక్‌ను వదిలేయడం మామూలే. అవి విడివిడి లింకులు. విండోస్‌లో ఒరాకిల్ ఇన్‌స్టాలర్ పెట్టే జావాపాత్ ఫోల్డర్ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు ఉంటే, మీరు చివర్లో చేర్చిన కొత్త జేడీకే దాకా వెతుకులాట రానే రాదు.

ఆ నాలుగింట్లో మేవెన్ కమాండే ముఖ్యం. జావా_హోమ్ పెట్టి ఉంటే మేవెన్ పాత్ వైపు చూడదు. "జావా -వెర్షన్ కొడితే 17, మేవెన్ మాత్రం 8 అంటోంది" అనే గొడవంతా ఇక్కడిదే. ఎంవిఎన్ -వెర్షన్ అవుట్‌పుట్‌లో జావా వెర్షన్, వెండర్, రన్‌టైమ్ ఉన్న ఫోల్డర్, డిఫాల్ట్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్), ప్లాట్‌ఫామ్ ఎన్‌కోడింగ్ కూడా ఉంటాయి. చివరి రెండూ అనవసరం అనిపిస్తాయి గానీ తెలుగు అక్షరాలున్న ప్రాజెక్టులో నాకు అవే ఎక్కువసార్లు పనికొచ్చాయి.

"నో కంపైలర్ ఈజ్ ప్రొవైడెడ్ ఇన్ దిస్ ఎన్విరాన్‌మెంట్" అని వస్తే అక్కడ ఉన్నది జేడీకే కాదు, కంపైలర్ లేని వట్టి జేఆర్‌ఈ. అంతకంటే వెతకక్కర్లేదు. అసలు మేవెన్ మొదలవ్వకుండానే "అన్‌రికగ్నైజ్డ్ వీఎం ఆప్షన్ మాక్స్‌పెర్మ్‌సైజ్" అంటే, మేవెన్_ఆప్ట్స్‌లో జావా 7 కాలం నాటి సెట్టింగ్ ఎవరో వదిలేశారన్నమాట. జావా 8 దాన్ని చూసి హెచ్చరించి వదిలేసేది, 17 మాత్రం మొదలవ్వనే అవ్వదు. సీఎంఎస్ గార్బేజ్ కలెక్టర్ ఆప్షన్‌దీ అదే కథ, ఆ కలెక్టర్‌ను జావా 14లోనే తీసేశారు.

ఈ నాలుగు కమాండ్లనూ పైప్‌లైన్ (సర్వర్‌లో బిల్డ్‌ను తనంతట తానే నడిపే వరస) మొదటి స్టెప్‌లో శాశ్వతంగా పెట్టేయండి. లాగ్‌లో నాలుగు లైన్లు పెరుగుతాయి, రాత్రి ఫోన్లు తగ్గుతాయి.

ఇంకో అలవాటు: లాగ్‌ను పైనుంచి చదవండి. మేవెన్ చివర్లో ఎర్ర రంగులో చూపించేది సారాంశం మాత్రమే. పైగా జావాక్ డిఫాల్ట్‌గా 100 ఎర్రర్ల దగ్గర ఆగిపోతుంది. ఎనొటేషన్ ప్రాసెసర్ (కంపైల్ అయ్యేటప్పుడు అదనపు కోడ్ తయారు చేసే సాధనం) ఒకటి పడిపోతే అది తయారు చేయాల్సిన మెథడ్లు లేక వందల "క్యానాట్ ఫైండ్ సింబల్"లు వస్తాయి, అసలు కారణం ఆ వందలో లేకుండా పోవచ్చు. అప్పుడు జావాక్‌కు ఇచ్చే ఎక్స్‌మాక్స్‌ఎర్స్ ఆప్షన్ విలువ 5000కి పెంచి మళ్లీ కట్టండి.

నంబరులోంచి 44 తీసేయండి

"అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్" చూడగానే చాలామంది జేడీకే మార్చేస్తారు. ఆగండి, ఆ మెసేజ్‌లో రెండు నంబర్లు ఉంటాయి. ప్రతి క్లాస్ ఫైల్ తల మీద ఒక మేజర్ వెర్షన్ ఉంటుంది, అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. "క్లాస్ ఫైల్ వెర్షన్ 61, ఈ రన్‌టైమ్ 55 వరకే గుర్తిస్తుంది" అని ఉంటే 17 కోసం కట్టినదాన్ని 11 మీద నడుపుతున్నారని అర్థం.

చిక్కు ఏమిటంటే ఇదే 61 మూడు వేర్వేరు నోళ్ల నుంచి వస్తుంది. ఎవరు చెబుతున్నారో చూసి మందు వేయాలి.

రన్‌టైమ్ చెబితే పైన చెప్పిన సంగతే. ఆ క్లాస్ పేరు మీ ప్యాకేజీదా, ఏదైనా మేవెన్ ప్లగిన్‌దా చూడండి. స్ప్రింగ్ బూట్ 3 అనే ఫ్రేమ్‌వర్క్‌కు జావా 17 తప్పనిసరి, దాని మేవెన్ ప్లగిన్‌కు కూడా. మీ కోడ్‌లో ఏమీ లేకపోయినా, మేవెన్ 11 మీద నడుస్తుంటే ప్లగిన్ లోడ్ అయ్యేటప్పుడే బిల్డ్ పడిపోతుంది.

కంపైలర్ చెబితే "బ్యాడ్ క్లాస్ ఫైల్, రాంగ్ వెర్షన్ 61, షుడ్ బీ 55" అంటుంది. అంటే మీరు లాక్కున్న లైబ్రరీ మీ జేడీకే కంటే కొత్త జావా కోసం కట్టింది. లైబ్రరీ వెర్షన్ దించాలి, లేదా జేడీకే పెంచాలి. మూడో దారి లేదు.

మూడో నోరు టూల్‌ది. "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని వచ్చి ఆ స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ ఏ దారిలో వచ్చిందో చూపే జాబితాలో) ఏఎస్ఎం (క్లాస్ ఫైళ్లు చదివే లైబ్రరీ) అనో గ్రూవీ (గ్రేడిల్ స్క్రిప్టుల భాష) అనో కనిపిస్తే, జేడీకే కొత్తది, టూల్ పాతది. గ్రేడిల్ జావా 11 మీద నడవాలంటే కనీసం 5.0 కావాలి, 17కి 7.3, 21కి 8.5. టెస్ట్ కవరేజ్ కొలిచే జకోకో జావా 21ను అధికారికంగా ఒప్పుకున్నది 0.8.11 నుంచి. ఇక్కడ జేడీకే వెనక్కి తీసుకెళ్లకండి, టూల్‌ను ముందుకు తీసుకురండి. లేకపోతే ఆరు నెలలకు మళ్లీ ఇక్కడే కూర్చుంటారు.

జార్‌లో (క్లాస్ ఫైళ్లను మూటగట్టిన ఫైల్‌లో) నిజంగా ఏ వెర్షన్ ఉందో అనుమానం వస్తే జావాప్ -వెర్బోస్ కొట్టి "మేజర్ వెర్షన్" అన్న లైన్ చూడండి. మేవెన్ సెట్టింగ్‌లు ఉండే పామ్ ఫైల్‌లో రాసి ఉన్నది నమ్మొద్దు.

ఇంకో జాతి ఎర్రర్లు ఉన్నాయి: "సోర్స్ ఆప్షన్ 5 ఈజ్ నో లాంగర్ సపోర్టెడ్" లాంటివి. పామ్‌లో మీరు ఏమీ రాయకపోతే మేవెన్ కంపైలర్ ప్లగిన్ తన డిఫాల్ట్ వాడుతుంది. పాత ప్లగిన్లలో అది 1.5, 3.8.0 నుంచి 1.6, 3.9.0 నుంచి 1.7, 3.11.0 నుంచి 1.8. అటు జావాక్ కూడా పాతవాటిని వదిలేస్తూ వచ్చింది: జేడీకే 9 వచ్చాక 5 పోయింది, 12తో 6 పోయింది, 20తో 7 పోయింది. వెర్షన్‌ను మీరే స్పష్టంగా రాస్తే ఈ గోల ఉండదు.

టార్గెట్ 8 అని రాస్తే సరిపోదు

ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడ బిల్డ్ ఆకుపచ్చగానే వస్తుంది, పేలేది కస్టమర్ దగ్గర.

జేడీకే 11తో కంపైల్ చేస్తూ సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టారనుకోండి. కంపైల్ అవుతుంది, క్లాస్ ఫైల్ మీద 52 అని పడుతుంది. జావా 8 దాన్ని సంతోషంగా లోడ్ చేసుకుంటుంది. తర్వాత ఎక్కడో బైట్‌బఫర్ మీద ఫ్లిప్ పిలిచిన చోట "నో సచ్ మెథడ్ ఎర్రర్" అని కూలిపోతుంది. ఫ్లిప్ జావా 1.4 నుంచీ ఉన్న మెథడ్ కదా, లేదంటుందేమిటి?

సంగతి ఇది. జావా 8లో ఫ్లిప్ అనే మెథడ్ బైట్‌బఫర్‌లో లేదు. దాని తల్లి క్లాస్ బఫర్‌లో ఉంది, బఫర్‌నే తిరిగి ఇస్తుంది. జావా 9లో బైట్‌బఫర్‌కు సొంత ఫ్లిప్ ఇచ్చి, అది బైట్‌బఫర్‌నే తిరిగి ఇచ్చేలా చేశారు. సోర్సులో తేడా కనిపించదు. కానీ బైట్‌కోడ్‌లో (క్లాస్ ఫైల్ లోపలి కోడ్‌లో) మెథడ్‌ను పేరుతో మాత్రమే గుర్తు పెట్టుకోరు, అది తిరిగి ఇచ్చే టైప్‌ను కూడా కలిపి రాస్తారు. జేడీకే 11 లైబ్రరీని చూసి కంపైల్ చేశారు కాబట్టి "బైట్‌బఫర్ తిరిగి ఇచ్చే ఫ్లిప్" అని క్లాస్ ఫైల్‌లో పడింది. జావా 8లో అలాంటిది లేదు. టార్గెట్ 8 అన్నది కవరు మీద రాసే చిరునామా మాత్రమే, లోపలి ఉత్తరాన్ని అది మార్చదు. ఇలాంటిదే జావా 7, 8 మధ్య కంకరెంట్ హ్యాష్‌మ్యాప్ కీసెట్ దగ్గర కూడా జరిగింది.

మందు జావా 9లో వచ్చిన --రిలీజ్ ఆప్షన్. --రిలీజ్ 8 అంటే భాష 8, బైట్‌కోడ్ 8, వాటితోపాటు లైబ్రరీ కూడా 8లో ఉన్నట్టే చూపిస్తుంది. జేడీకేతో వచ్చే ఒక ఫైల్‌లో పాత వెర్షన్ల ఏపీఐ జాబితా ఉంటుంది, జావాక్ దాన్నే చూస్తుంది. మేవెన్‌లో మేవెన్.కంపైలర్.రిలీజ్ అనే ప్రాపర్టీ పెడితే చాలు, సోర్స్, టార్గెట్ రెండూ తీసేయండి.

దీనితో రెండు చిన్న తలనొప్పులు ఉన్నాయి. ఒకటి, జేడీకే 8 జావాక్‌కు ఈ ఆప్షన్ తెలియదు, "ఇన్‌వాలిడ్ ఫ్లాగ్" అంటుంది. అదే పామ్‌ను 8 మీద కూడా కట్టాలంటే, 9, ఆపై జేడీకేల మీద మాత్రమే మేలుకునే ప్రొఫైల్‌లో పెట్టండి. రెండు, --రిలీజ్‌ను, జావా.బేస్ లాంటి సిస్టమ్ మాడ్యూల్‌కు --యాడ్-ఎక్స్‌పోర్ట్స్‌ను కలిపి ఇస్తే జావాక్ ఒప్పుకోదు. లోపలి క్లాసులు వాడే కోడ్ ఉంటే దాన్ని చిన్న మాడ్యూల్‌గా విడదీసి, దానికొక్కదానికే సోర్స్, టార్గెట్ ఉంచుతాం మేము. ఆ మాడ్యూల్‌కు యానిమల్ స్నిఫర్ అనే ప్లగిన్‌ను కాపలా పెట్టాం. పాత జావాలో లేని మెథడ్ పిలిస్తే అది బిల్డ్‌లోనే పట్టేస్తుంది.

నిన్నటిదాకా ఉన్న ప్యాకేజీ ఇవాళ లేదు

8 నుంచి 11కి వెళ్లేవాళ్లకు ఎదురయ్యే మొదటి గోడ "ప్యాకేజ్ జావాఎక్స్.ఎక్స్ఎంఎల్.బైండ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్". 2018లో వచ్చిన జావా 11లో జేఏఎక్స్‌బీ, జేఏఎక్స్-డబ్ల్యూఎస్ (ఎక్స్ఎంఎల్, వెబ్ సర్వీసుల లైబ్రరీలు), వాటితోపాటు పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ లాంటి ఎనొటేషన్లు ఉన్న ప్యాకేజీని జేడీకే లోంచి తీసేశారు. వాటిని ఇప్పుడు డిపెండెన్సీగా, అంటే బయటి లైబ్రరీగా చేర్చుకోవాలి. ఇక్కడే పిల్లలు తడబడతారు: నెట్‌లో కనిపించిన అన్నింటికంటే కొత్త జకార్తా (ఈ లైబ్రరీలకు తర్వాత వచ్చిన పేరు) జార్‌ను పెట్టేసి, ఇంకా అదే ఎర్రర్ అంటారు. జకార్తా ఎక్స్ఎంఎల్ బైండ్ ఏపీఐలో 2.3 వరస పాత జావాఎక్స్ పేర్లనే ఉంచింది. 3.0 నుంచి ప్యాకేజీ పేరే జకార్తాగా మారింది. ఇంపోర్టులు మార్చే ఉద్దేశం లేకపోతే 2.3 వరసే మీది. ఏపీఐ జార్‌తోపాటు ఇంప్లిమెంటేషన్ జార్ కూడా కావాలి, లేకపోతే కంపైల్ దాటి రన్‌లో పడతారు.

టూల్స్.జార్ దొరకలేదంటే, దాన్ని జావా 9లోనే తీసేశారు. సన్.మిస్క్.బేస్64ఎన్‌కోడర్ కూడా అప్పుడే పోయింది, జావా 8 నుంచి ఉన్న జావా.యుటిల్.బేస్64 వాడండి. నాష్‌హార్న్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ 15లో వెళ్లిపోయింది. మీ జార్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ముందే తెలుసుకోవాలంటే జేడెప్స్ --జేడీకే-ఇంటర్నల్స్ నడపండి, ఎక్కడ వాడారో, బదులు ఏది వాడాలో కూడా చెబుతుంది.

పోయినవే కాదు, వచ్చినవీ ఇబ్బంది పెడతాయి. మీకు రికార్డ్ అనే పేరుతో సొంత క్లాస్ ఉండి, దాన్ని నక్షత్రం పెట్టి ఇంపోర్ట్ చేసుకుంటుంటే, జావా.లాంగ్‌లో కూడా రికార్డ్ వచ్చాక "రిఫరెన్స్ ఈజ్ యాంబిగ్యువస్" అంటుంది. ఆ క్లాస్‌ను పూర్తి పేరుతో ఒక ఇంపోర్ట్ లైన్ రాస్తే సరి.

లాంబాక్ ఉన్న ఇంట్లో

లాంబాక్ గెట్టర్ల లాంటి మెథడ్లను తయారు చేసిపెట్టే ఎనొటేషన్ ప్రాసెసర్. అది జావాక్ లోపలి క్లాసుల్లో చేయి పెట్టి పని చేస్తుంది కాబట్టి జేడీకే మారినప్పుడల్లా దాని వంతు వస్తుంది. "జేడీకే.కంపైలర్ మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్ చేయడం లేదు" అనే పొడుగాటి మెసేజ్‌తో పడితే జేడీకే 16 లేదా పైది, లాంబాక్ పాతది. 16 తలుపులు డిఫాల్ట్‌గా మూసింది, 17 తలుపు తెరిచే పాత ఆప్షన్‌ను కూడా తీసేసింది. లాంబాక్ 1.18.20 నుంచి 16తో నడుస్తుంది. జేసీఇంపోర్ట్‌లో క్వాలిడ్ అనే ఫీల్డ్ లేదని "నో సచ్ ఫీల్డ్ ఎర్రర్" వస్తే అది జేడీకే 21, లాంబాక్‌ను 1.18.30కి పెంచండి.

జేడీకే 23 గొడవ దీనికి భిన్నం. అక్కడ ఏ స్టాక్ ట్రేస్ రాదు, గెట్టర్లన్నీ ఉన్నట్టుండి మాయమవుతాయి. క్లాస్‌పాత్‌లో (జావా క్లాసుల కోసం వెతికే చోట్లలో) ప్రాసెసర్ కనిపిస్తే చాలు నడిపేయడం అనే పాత అలవాటును 23 నుంచి జావాక్ మానేసింది. మేవెన్‌లో ఎనొటేషన్ ప్రాసెసర్ పాత్స్ కింద లాంబాక్‌ను స్పష్టంగా రాయండి. అది మంచి పద్ధతి. తొందరలో ఉంటే -ప్రాక్:ఫుల్ ఇచ్చినా నడుస్తుంది.

ఎడిటర్‌లో ఎర్ర గీత లేదు, మేవెన్ ఒప్పుకోదు

ఒకప్పుడు జావాకు కంపైలర్లు చాలా ఉండేవి. ఐబీఎం నుంచి వచ్చిన జైక్స్ వేగానికి పేరు పడింది, గ్నూ వాళ్ల జీసీజే ఉండేది, దాన్ని 2017లో జీసీసీ 7తో తీసేశారు. ఇప్పుడు రోజూ మనకు తగిలేవి రెండే: జేడీకేతో వచ్చే జావాక్, ఎక్లిప్స్ వాళ్ల ఈసీజే. ఎక్లిప్స్ వాడకపోయినా ఈసీజే మీ దగ్గర ఉండొచ్చు. విజువల్ స్టూడియో కోడ్‌లో రెడ్ హ్యాట్ జావా ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే లోపల పని చేసేది ఎక్లిప్స్ కంపైలరే. ఇంటెలిజే డిఫాల్ట్‌గా జావాక్ వాడుతుంది, సెట్టింగ్స్‌లో కంపైలర్ మార్చుకునే వీలుంది. ఎవరైనా ఎప్పుడో మార్చి మర్చిపోయారేమో చూడండి.

ఈ రెండు కంపైలర్లూ ఒకే స్పెసిఫికేషన్‌ను చదువుకున్నాయి గానీ జెనెరిక్స్, లాంబ్డాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న చోట ఒకటి ఒప్పుకున్నది ఇంకొకటి ఒప్పుకోకపోవచ్చు. స్ట్రీమ్ మీద కలెక్ట్, దానిలో గ్రూపింగ్‌బై, దానిలో ఇంకో కలెక్టర్ అని మూడంతస్తులు కట్టిన లైన్లలోనే నేను దీన్ని ఎక్కువగా చూశాను. జావాక్ "ఇన్ఫరెన్స్ వేరియబుల్ హ్యాజ్ ఇన్‌కంపాటిబుల్ బౌండ్స్" అంటుంది, ఎడిటర్ ఏమీ అనదు. ఎవరిది తప్పో తేల్చుకునే చర్చలో పడకండి. మధ్యలో ఒక లోకల్ వేరియబుల్ పెట్టి దాని టైప్ చేత్తో రాయండి. రెండూ ఒప్పుకుంటాయి, తర్వాత చదివేవాడికీ అర్థమవుతుంది.

తిరగబడే ఉదాహరణ కూడా ఉంది. మేవెన్‌లో బిల్డ్ వస్తుంది, ఎడిటర్ మాత్రం "ఆర్గ్.డబ్ల్యూ3సీ.డామ్ ప్యాకేజ్ ఒకటి కంటే ఎక్కువ మాడ్యూళ్లలో దొరుకుతోంది" అని ఎర్రబడుతుంది. జావా 9 తర్వాత ఆ ప్యాకేజీ జావా.ఎక్స్ఎంఎల్ మాడ్యూల్‌లో ఉంది. మీ క్లాస్‌పాత్‌లో ఎక్స్ఎంఎల్-ఏపీఐస్ అనే పాత జార్ కూడా అదే ప్యాకేజీని మోసుకొస్తోంది. జావాక్ జేడీకేలో ఉన్నదాన్ని తీసుకుని ఊరుకుంటుంది, ఈసీజే ఊరుకోదు. నా ఓటు ఈసీజేకే. ఎంవిఎన్ డిపెండెన్సీ:ట్రీ నడిపి ఆ జార్‌ను ఎవరు తెస్తున్నారో చూసి ఎక్స్‌క్లూజన్ పెట్టండి.

రన్ చేస్తే "అన్‌రిజాల్వ్డ్ కంపైలేషన్ ప్రాబ్లెమ్" అని వచ్చిందంటే, ఆ క్లాస్‌ను కట్టింది ఈసీజే అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కోడ్‌లో తప్పున్నా క్లాస్ ఫైల్ రాసేసి, తప్పున్న మెథడ్‌లో ఎర్రర్ విసిరే ఏర్పాటు చేయగలదు అది. టార్గెట్ ఫోల్డర్‌ను ఎడిటర్, మేవెన్ ఇద్దరూ పంచుకుంటే ఇలాంటివి జార్‌లోకి కూడా దూరతాయి. ఎంవిఎన్ క్లీన్ కొట్టి, ఎడిటర్ మూసి, మళ్లీ కట్టండి.

ఇంకొకటి స్ప్రింగ్ 6.1కి మారినవాళ్లకు తగులుతుంది. కంపైల్ బాగానే అవుతుంది, రిక్వెస్ట్ కొట్టగానే "పారామీటర్ నేమ్ ఇన్‌ఫర్మేషన్ నాట్ అవైలబుల్" అంటుంది. మెథడ్ పారామీటర్ల పేర్లు క్లాస్ ఫైల్‌లో ఉండాలంటే కంపైలర్‌కు -పారామీటర్స్ ఆప్షన్ ఇవ్వాలి. స్ప్రింగ్ బూట్ పేరెంట్ పామ్ అది పెడుతుంది. పేరెంట్ వాడని ప్రాజెక్టులో, లేదా ఎడిటర్ తన సొంత సెట్టింగ్‌తో కట్టిన చోట అది ఉండదు.

తెలుగు అక్షరాలు, కనిపించని ఖాళీలు

మా ప్రోడక్ట్‌లో తెలుగు, హిందీ మెసేజ్ ఫైళ్లు ఉన్నాయి. వీటివల్ల వచ్చే టెన్షన్ జావా వెర్షన్‌ను బట్టి మారుతుంది. సోర్సులో నేరుగా తెలుగు రాస్తే, బిల్డ్ నడిచే డాకర్ కంటైనర్‌లో లొకేల్ పెట్టకపోతే జావా 8, 11, 17లలో జావాక్ ఆస్కీ అనుకుని "అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్" అంటుంది. 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది. వెర్షన్ ఏదైనా ప్రాజెక్ట్.బిల్డ్.సోర్స్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసేయండి.

ప్రాపర్టీస్ ఫైళ్లది వేరే దారి. రిసోర్స్ బండిల్ ద్వారా చదివితే జావా 8 వాటిని లాటిన్ ఎన్‌కోడింగ్‌గా చదువుతుంది, 9 నుంచి యూటీఎఫ్-8గా. 11లో చక్కగా "చెల్లింపు పూర్తయింది" అని వచ్చిన మెసేజ్ 8లో పిచ్చి గీతలుగా వస్తుంది, టెస్ట్ పడుతుంది. రెండిట్లోనూ నడవాలంటే ఫైల్‌లో ప్రతి అక్షరాన్నీ బ్యాక్‌స్లాష్ యు కోడ్‌గా మార్చి పెట్టాలి. ఆ పని చేసే నేటివ్2ఆస్కీ టూల్ జేడీకే 8తో ఆఖరు. మేము బిల్డ్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాం.

ఇక తేదీల టెస్టులు. జేడీకే 20లో, అమెరికా ఇంగ్లిష్ లొకేల్‌లో టైమ్ ఫార్మాట్ చేస్తే ఏఎం, పీఎం ముందు ఉండే మామూలు స్పేస్ పోయి, విడగొట్టరాని సన్నటి స్పేస్ వచ్చింది. ఎదురుచూసినదీ వచ్చినదీ లాగ్‌లో అక్షరం తేడా లేకుండా కనిపిస్తాయి, టెస్ట్ మాత్రం ఫెయిల్. కాంపాట్ అనే లొకేల్ ప్రొవైడర్ ఆప్షన్‌తో పాత పద్ధతి తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి, దాన్ని 23లో తీసేశారు. టెస్టులో ఫార్మాట్ ప్యాటర్న్‌ను మీరే రాసుకోండి.

రన్‌టైమ్ మారితే

హాట్‌స్పాట్ మీద ఆకుపచ్చ, ఓపెన్‌జే9 మీద ఎరుపు అయితే నేను ముందు వరసక్రమం మీద ఆధారపడిన టెస్టుల్ని అనుమానిస్తాను. రిఫ్లెక్షన్ (క్లాస్ లోపల ఏముందో నడిచేటప్పుడు అడిగే పద్ధతి) ఇచ్చే మెథడ్ల జాబితా ఫలానా క్రమంలో వస్తుందని జావా ఎక్కడా మాట ఇవ్వలేదు. మ్యాప్.ఆఫ్, సెట్.ఆఫ్ అయితే ఒకే రన్‌టైమ్‌లో కూడా నడిపిన ప్రతిసారీ క్రమం మార్చగలవు.

ఐబీఎం పాత జావా 8 ఎస్‌డీకే మీద "సన్‌ఎక్స్509 కీ మేనేజర్ ఫ్యాక్టరీ నాట్ అవైలబుల్" అని వస్తే, కోడ్‌లో ఆ పేరును చేత్తో రాశారన్నమాట. ఆ ఎస్‌డీకేలో ఐబీఎం సొంత సెక్యూరిటీ ప్రొవైడర్లు ఉంటాయి, పేర్లు వేరు. గెట్‌డిఫాల్ట్‌ఆల్గారిథమ్ పిలవండి. ఐబీఎం నుంచే సెమెరూ పేరుతో వచ్చేవాటిలో ఓపెన్‌జే9 ఉన్నా క్లాస్ లైబ్రరీ ఓపెన్‌జేడీకేదే కాబట్టి ఈ బాధ ఉండదు.

జేడీకే మార్చిన మర్నాడే "పీకిక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని డౌన్‌లోడ్లు ఆగిపోతే, మీ ఆఫీసు ప్రాక్సీ సర్టిఫికెట్ పాత జేడీకే సీఏసర్ట్స్ ఫైల్‌లోనే (నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాలోనే) ఉండిపోయింది. ప్రతి జేడీకేకీ ఆ ఫైల్ వేరు. కీటూల్‌తో కొత్తదానిలో మళ్లీ చేర్చాలి. సర్టిఫికెట్ చెక్ ఆపేసే ఆప్షన్ ఎవరో ఒకరు చాట్‌లో పెడతారు, అది వాడకండి.

ఇవేవీ కాకపోతే

కంపైలర్‌నూ రన్‌టైమ్‌నూ విడదీసి చూడండి. 17తో కట్టిన క్లాస్ ఫైళ్లను (--రిలీజ్ 8 పెట్టి) 8 మీద టెస్ట్ చేయండి, 8తో కట్టినవాటిని 17 మీద టెస్ట్ చేయండి. ఏ జేడీకేతో కట్టినా 17 మీద పడుతుంటే రన్‌టైమ్ సంగతి. ఎక్కడ నడిపినా 17తో కట్టినదే పడుతుంటే కంపైలర్ సంగతి. మేవెన్‌లో ష్యూర్‌ఫైర్ ప్లగిన్‌కు జేవీఎం అనే పారామీటర్ ఉంది, టెస్టులు నడిపే జావాను అక్కడ మార్చొచ్చు. కంపైలర్‌ను టూల్‌చెయిన్స్ ఫైల్‌తో మార్చొచ్చు. గ్రేడిల్‌లో 6.7 నుంచి టూల్‌చెయిన్లు ఉన్నాయి. గ్రేడిల్‌లో ఏం మార్చినా ముందు గ్రేడిల్‌డబ్ల్యూ --స్టాప్ కొట్టండి, వెనకాల పాత డీమన్ (గ్రేడిల్ నడిపే ప్రాసెస్) బతికి ఉంటే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. లాప్‌టాప్‌లో నాలుగు జేడీకేలు పెట్టుకోవడం చిరాకైతే ఎక్లిప్స్-టెమురిన్ డాకర్ ఇమేజీల్లో 8, 11, 17, 21 అన్నీ దొరుకుతాయి.

కారణం దొరికాక దాన్ని పామ్‌లో రాసి పెట్టండి. మేవెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో రిక్వైర్‌జావావెర్షన్ నియమం ఉంది. అక్కడ 17 అని వట్టిగా రాస్తే 17 లేదా పైది ఏదైనా ఫరవాలేదని దాని లెక్క, ఎవరో 23తో వచ్చినా లోపలికి పంపేస్తుంది. 17 మాత్రమే కావాలంటే [17,18) అని రాయాలి.